మూడో నంబరు సీసా

1964 జూన్ 2, బోధన్

ఈ డైరీ జనవరిలో మా చక్కెర ఫ్యాక్టరీలో ఇచ్చారు. ఐదు నెలలు అటక మీద పడి ఉంది. దీంట్లో ముగ్గులు వేసుకుంటానని మా ఆవిడ వసంత అడిగితే ఇవ్వనన్నాను. చెప్పుకోదగ్గ పని దొరికినప్పుడు రాద్దామని దాచుకున్నాను. ఈ రోజు దొరికింది.

హైదరాబాద్ పరిశోధనశాల నుంచి డాక్టర్ బాపురావు గారు వచ్చారు. సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. వర్ని అవతలి గుట్టల్లో పరికి పండ్లు, మొర్రి పండ్లు, కలే పండ్లు ఏటా పండి రాలిపోతున్నాయి. ఏరుకొచ్చిన ఆడవాళ్ళకు బోధన్ సంతలో నాలుగు దోసిళ్ళు అమ్ముడుపోతే గొప్ప. వాటితో షర్బతు, మురబ్బా చేసే పద్ధతి కనిపెట్టాలని ఆయన పట్టుదల. పండు గుట్ట కింది ఆడవాళ్ళది, చక్కెర, కడాయిలు మా ఫ్యాక్టరీవి, పరీక్షలు హైదరాబాద్‌వి. మూడు చోట్లనూ కలిపే మనిషి ఎవరంటే మా కెమిస్టు గారు నన్ను చూపించారు. "నమూనా తీయడంలో మా రాందాస్‌ను మించినవాడు లేడు" అన్నారు.

అది నిజమే. ఎనిమిదేళ్ళుగా ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బండ్ల నుంచి నమూనా తీస్తున్నాను. కింద పచ్చి చెరుకు నింపి, పైన తీపి గడలు పేర్చుకొచ్చే రైతులను ఎంతమందిని పట్టుకున్నానో నాకే గుర్తు లేదు. పైన ఉన్నది ముట్టుకోవద్దు, మధ్యలో చెయ్యి పెట్టి గుంజాలి. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం అదే.

జూన్ 9

వర్ని దాకా బస్సు, అక్కడి నుంచి గుట్టకిందిపల్లెకు నడక. చెప్పు తెగింది. ఊళ్ళో పండ్లు ఏరే ఆడవాళ్ళందరికీ పెద్ద సాయవ్వ. యాభై దాటి ఉంటుంది. కొడుకూ కోడలూ పోయారు, ఆరేళ్ళ మనుమరాలిని సాకుతోంది. ఆ పిల్ల జుట్టు దువ్వుతూనే నాతో మాట్లాడింది.

పొద దగ్గరికి వెళ్ళి ఒక కలే పండు తెంపబోయాను. ముల్లు గుచ్చుకున్నట్టు సాయవ్వ అరిచింది.

"ఆగు సారూ! ఇంక మొదలు చెయ్యి పడలే."

తర్వాత చెప్పింది. పండ్ల కాలంలో ముందుగా ఒక్క మనిషే పొదను ముట్టాలి. మూడు దోసిళ్ళు తెంపి గుట్ట మైసమ్మ రాయి ముందు పెట్టాలి. అంతదాకా రాలిన పండు కూడా ఎవరూ నోట పెట్టరు. ఆ మొదటి చెయ్యి మంచిదైతే ఆ ఏడు పండు మంచిది. పదహారేళ్ళుగా ఆ చెయ్యి సాయవ్వదే. వరి నాటేసేటప్పుడు మొదటి నారు కర్ర పెట్టడానికీ, బాలింతకు మొదటి స్నానం చేయించడానికీ ఆమెనే పిలుస్తారట.

నాకు కొంచెం నవ్వొచ్చింది. నవ్వలేదు.

మధ్యాహ్నం ఆ తతంగం అయ్యాక, లోపలి గుట్ట నుంచి ఒక బుట్ట కలే పండ్లు తన చేత్తోనే ఏరి ఇచ్చింది. "హైదరాబాద్ పోతది గదా, మచ్చ లేంది ఏరిన" అంది. చిన్నవి, నల్లవి, శనగ గింజ కంటే కొంచెం పెద్దవి. పరికి, మొర్రి పండ్లను అక్కడే ఒకటో నంబరు, రెండో నంబరు సీసాల్లో కుళ్ళకుండా స్పిరిట్ పోసి నింపాను. మూడో సీసాకు స్పిరిట్ చాలలేదు. ల్యాబ్‌లో నింపుకోవచ్చు.

జూన్ 14

పని ఒత్తిడి. బుట్ట ఇంకా ల్యాబ్‌లోనే ఉంది.

జూన్ 15

బుట్ట తెరిస్తే బూజు. అడుగు దాకా కుళ్ళింది. వాసనకు ల్యాబ్‌లో వాళ్ళు ముక్కు మూసుకున్నారు.

రేపు పొద్దున్నే హైదరాబాద్ మనిషి సీసాల కోసం వస్తాడు. మళ్ళీ వర్ని పోయి రావడానికి రోజంతా పడుతుంది. సాయంత్రం మా క్వార్టర్ల వెనక కాల్వ గట్టు మీద నడుస్తుంటే, చెరుకు తోట చివర ఒక కలే పొద కనిపించింది. కాల్వ నీళ్ళు తాగి ఏపుగా ఉంది. పండ్లు చిటికెన వేలి కొసంత ఉన్నాయి. సీసా నిండా తెంపుకొచ్చాను. పండు పండే, చెట్టు చెట్టే, రెండూ కలేనే. చీటీ మీద ముందే రాసి ఉంది: 'నం. 3. కలే. గుట్టకిందిపల్లె, లోపలి గుట్ట. ఏరినది సాయవ్వ.' అదే అంటించాను.

డిసెంబర్ 3

బాపురావు గారి ఉత్తరం. అన్నింట్లో మూడో నంబరు శ్రేష్ఠమట. గుజ్జు ఎక్కువ, గింజ పెద్దది, సులువుగా విడిపోతుంది. ఇలాంటి అడవి కలే తాను ఎక్కడా చూడలేదట. వచ్చే వేసవిలో గుట్టకిందిపల్లెలోనే పెద్ద ఎత్తున చేసి చూద్దామన్నారు. గింజ కొలత తీసుకుని గుజ్జు పిండే జల్లెడ చేయిస్తున్నారు.

నన్ను ఈ పనికి ఇన్‌చార్జిని చేశారు. వసంత సేమ్యా పాయసం చేసింది. సంతోషంగా ఉన్నాను.

1965 ఫిబ్రవరి 11

ఆశన్న అనే రైతు బండి పట్టుకున్నాను. పైన నాలుగు మోపులు పక్వమైన చెరుకు, కింద అంతా పచ్చిది. ముసలివాడు. "గలతైంది సారూ, ఈసారికి మాఫ్ జెయ్" అని బతిమాలాడు. వరసలో ఉన్న బండ్ల వాళ్ళందరి ముందూ కింది చెరుకు గుంజి చూపించి కడిగి పారేశాను. కడుపుకు అన్నం తింటున్నావా లేదా అన్నాను. బండి వాపసు పంపించాను. ఇలాంటి వాళ్ళ వల్లే లోకంలో నమ్మకం లేకుండా పోతోంది.

రాత్రి అన్నం సయించలేదు. వంకాయ చేదుగా ఉంది.

ఏప్రిల్ 20

బాపురావు గారితో గుట్టకిందిపల్లె వెళ్ళాను. ఆడవాళ్ళంతా వచ్చారు, పద్దెనిమిది మంది. వాళ్ళకు వేసవిలో అసలు బతుకుదెరువు తునికాకు తెంపడం. బీడీల కోసం ఆకు కొనే ముకద్దం ఏటా ఈ ఊరి వాళ్ళనే పెట్టుకుంటాడు. మొదటి నుంచి చివరి దాకా వచ్చేవాళ్ళే కావాలంటాడు. ఆకు ముగిసే ముందే కలే పండు మొదలవుతుంది. పండుకు రావాలంటే ఈ ఏడు ఆకు మానుకోవాలి. అదీ చిక్కు.

గంగుబాయి అని ఒకామె గట్టిగా మాట్లాడుతుంది. "ఆకు ఇడిశిపెడితే ముకద్దం ఇంకో ఊరోళ్ళను పిలుస్తడు. మల్ల మమ్ముల రానిస్తడా? గీ పండు నడువకుంటే మేమేం గావాలె?" అంది.

అందరూ సాయవ్వ వైపు చూశారు. సాయవ్వ నా వైపు చూసింది.

"సారూ, నేనిచ్చిన పండు చూసే గదా గింత పెద్ద పని వెట్టుకున్నది?"

బాపురావు గారు నాకంటే ముందే అన్నారు. "అవును, నీ పండు చూసే."

"ఇగ ఫికర్ లేదు. నేను జబాన్ ఇస్తున్న. రాండ్రి" అంది సాయవ్వ ఆడవాళ్ళతో.

అప్పుడు నేను నోరు తెరవాల్సింది. బాపురావు గారిని పక్కకు పిలిచి ఒక్క మాట చెబితే అయిపోయేది. మంచినీళ్ళు అడిగాను. నీళ్ళు తాగేసరికి మాట ముగిసిపోయింది.

అయినా గుట్ట పండుకూ కాల్వ పండుకూ అంత తేడా ఉండదు.

మే 28

ఉంది. సాయవ్వ మొదటి మూడు దోసిళ్ళు మైసమ్మ ముందు పెడుతుంటే చూశాను. శనగ గింజ కంటే కొంచెం పెద్దవి. పోయినేడు ఈ పండే చూశాను. ఈ డైరీలోనే రాశాను.

జూన్ 1

ముప్ఫై రెండు బుట్టలు వచ్చాయి. వేపచెట్టు కింద పందిరి వేసి పొయ్యిలు తవ్వాం. ఫ్యాక్టరీ నుంచి కడాయిలు, చక్కెర బస్తాలు వచ్చాయి. హైదరాబాద్ నుంచి జల్లెడ వచ్చింది. చేత్తో తిప్పే పిడి, మెరిసే ఇత్తడి. ఆడవాళ్ళు దానికి పసుపు కుంకుమ పెట్టారు.

మొదటి బుట్ట పోసి తిప్పాం. గుజ్జుతో పాటు గింజలు కూడా కిందికి జారాయి. జల్లెడ కన్నాలు మూడో నంబరు సీసా గింజకు కొలిచి చేసినవి. ఈ గింజ అందులో సగం లేదు. సగం జారి, సగం నలిగి, రసం అంతా చేదెక్కింది. రెండో బుట్ట అంతే. మూడోది అంతే. చేత్తో పిసికి చూశాం. పద్దెనిమిది మంది పొద్దంతా పిసికితే ఒక బిందె. కలే పండు రెండో రోజు దాటి నిలవదు.

బాపురావు గారు దోసిట్లో పండ్లు పోసుకుని చాలాసేపు చూశారు. "రాందాస్, పోయినేటి పండుకూ దీనికీ పోలికే లేదు. ఏమై ఉంటుంది?" అన్నారు. అడిగిన తీరులో అనుమానం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

"వానలు సరిగా లేవు కదా సార్" అన్నాను.

ఆయన దాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

జూన్ 3

కుళ్ళిన పండ్లను గుంతలో పోశారు. ఈగలు. సాయవ్వ గుంత అంచున నిలబడి నన్ను అడిగింది.

"పోయినేడూ గీ చెయ్యే, గీ గుట్టే. గప్పుడు గంత మంచిగొచ్చె. ఇప్పుడేమాయె సారూ?"

"ఏమో సాయవ్వా" అన్నాను.

గంగుబాయి వెనక నుంచి అంది, మెల్లగానే అంది, అయినా అందరికీ వినపడింది. "ఏముంటది? చెయ్యి చెడ్డది."

సాయవ్వ తన కుడి చేతిని చీర కొంగు కిందికి తీసుకుంది. నేను బస్సు కోసం బయలుదేరాను.

జూన్ 4

తలనొప్పి.

జూన్ 5

తలనొప్పి కాదు.

సెప్టెంబర్ 19

బోధన్ సంతలో గంగుబాయి కనిపించింది. తప్పించుకుందామనుకున్నాను, ఆమే పిలిచింది. ముకద్దం ఇంకో ఊరి వాళ్ళను పెట్టుకున్నాడట. వచ్చే ఏడు తీసుకుంటాడో లేదో తెలియదట. సాయవ్వ సంగతి నేను అడగలేదు, ఆమే చెప్పింది.

"నాటేసేటప్పుడు మొదటి కర్రకు ఆమెను పిలువలేదు సారూ. మేం పిలువకపోవుడు అట్లుండనీ, ఆమెనే రానన్నది. నా చెయ్యి మంచిది గాదు, నన్ను పిలువకుండ్రి అన్నది."

వసంతకు చెబుదామని ఇంటికి వచ్చాను. ఆమె బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని రాళ్ళు ఏరాను.

డిసెంబర్ 31

పోయినేడు జూన్‌లో రాసిన పేజీ తిరగేశాను. 'పని ఒత్తిడి' అని రాశాను. ఎవరూ చూడని డైరీలో కూడా అబద్ధం రాశాను. పని లేదు. ఆ నాలుగు రోజులు నిజామాబాద్‌లో బామ్మర్ది ఇంట్లో ఉన్నాను. మామిడి పండ్లు తిన్నాను, రెండు సినిమాలు చూశాను, మధ్యాహ్నాలు పడుకున్నాను. ఇదంతా అందుకోసం.

1966 జనవరి 27

ఆశన్న బండి వచ్చింది. నేను చెయ్యి పెట్టి గుంజలేదు. పక్కవాడిని చూడమన్నాను. ఆశన్నే "నువ్వే సూడు సారూ, ఈసారి కింది దాకా ఒక్కతీరే ఉన్నది" అన్నాడు. నిజంగానే అట్లాగే ఉంది.

మే 24

సెలవు పెట్టి గుట్టకిందిపల్లె పోయాను. మొదటి చెయ్యి పడే రోజు అని తెలిసే పోయాను. ఈసారి ఆ చెయ్యి గంగుబాయిది. ఆమె తెంపుతుంటే ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. సాయవ్వ అందరి వెనక, కుడి చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. ఏడాదిలోనే బాగా ముసలిదైంది.

మైసమ్మ ముందు పండ్లు పెట్టడం అయిపోయాక, అందరి ముందూ చెప్పాను. ఎక్కడా ఆగకుండా చెప్పాను, దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాటలే. సాయవ్వ ఇచ్చిన బుట్ట నా దగ్గర కుళ్ళింది. సీసాలో పోసింది కాల్వ గట్టు పండు. జల్లెడ దాన్ని కొలిచి చేసింది. తప్పు నాది, ఆమె చెయ్యిది కాదు.

 తర్వాత గంగుబాయి నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదు, ప్రేమగానే నవ్వింది.

"మంచోనివి సారూ. ముసల్దాని మీద పానం గొట్టుకొని బోధన్ నుంచి ఒచ్చినవ్. గని గిట్ల నీ మీద ఏస్కుంటె నీ నౌకరి ఉంటదా?"

"అబద్ధం కాదు, నిజం" అన్నాను. "కాల్వ గట్టుకు రండి, ఆ చెట్టు చూపిస్తా" అన్నాను. అంటుంటేనే గుర్తొచ్చింది. చలికాలంలో కాల్వ పూడిక తీసినప్పుడు ఆ గట్టంతా చెక్కేశారు. పొద లేదు. ఆ మాట చెప్పాల్సి వచ్చింది. చెప్పేసరికి ఇంకో ఇద్దరు కూడా నవ్వారు.

సాయవ్వ దగ్గరికి వచ్చింది. "ఊకో సారూ" అంది. "నా కోసం నువ్వెందుకు తప్పు మీదేస్కుంటవ్? పెద్ద సదువు సదువుకున్నోనివి, నువ్వట్ల ఎందుకు జేస్తవ్? చేసినా గప్పుడే చెప్తుంటివి గదా. నా చెయ్యే గట్లైంది." నాకు మజ్జిగ ఇప్పించింది. మనుమరాలితో ఇప్పించింది, తన చేత్తో ఇవ్వలేదు.

నేను అబద్ధమాడినప్పుడు నమ్మారు. ఇప్పుడు నా మీద జాలిపడి మజ్జిగ ఇచ్చారు. తాగాను కూడా.

మే 25

ఆ పొద లేదు. కానీ సీసా ఉంది. బాపురావు గారు నమూనాలు పారేయరు.

మే 29

ఉత్తరం నాలుగుసార్లు రాశాను. మొదటిదాంట్లో 'పొరపాటున' అని ఉంది. చించేశాను. రెండోదాంట్లో 'ఆరోగ్యం బాగాలేక' అని ఉంది. మూడోది బాగానే ఉంది గాని చివర్లో నా పదేళ్ళ సర్వీసు గురించి ఒక పేరా పెట్టాను. నాలుగోది ఆరు వాక్యాలు. మూడో నంబరు సీసాలో పండు గుట్టది కాదు, కాల్వ గట్టుది, తెలిసే పెట్టాను, పోయినేడు మీరడిగినప్పుడు తెలిసే వానల మాట చెప్పాను. ఆ సీసా తిరిగి పంపండి, ఒక మనిషికి చూపించాలి.

పోస్టు చేసే ముందు వసంతకు చదివి వినిపించాను.  "ఆ పాయసం ఎట్లా తిన్నారండీ" అని మాత్రం అడిగింది.

జూన్ 10

సీసా వచ్చింది. గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెలో భద్రంగా పంపారు. లోపల చిన్న కాగితం.

'ఈ నమూనా మీద రెండేళ్ళ పని చేశాను. అచ్చుకు పంపిన వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను. గుట్టకిందిపల్లె పథకం మూసేశారు. మీ కెమిస్టు గారికి రాయక తప్పలేదు. ఆ అమ్మకు నా క్షమాపణ చెప్పండి. — బాపురావు.'

కెమిస్టు గారు పిలిచారు. రేపటి నుంచి నాకు గన్నీ సంచుల గోడౌన్. నమూనాల దగ్గరికి రావద్దన్నారు. తిట్టలేదు. తిడతారని సిద్ధపడి వెళ్ళాను.

జూన్ 12

సీసా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వర్ని దాకా.

సాయవ్వ ఇంటి ముందు ఆడవాళ్ళు పండ్లు ఏరి పెడుతున్నారు. సంతకు పట్టుకుపోవడానికి నాలుగైదు బుట్టలు. నేను మాట్లాడలేదు, సీసా నేల మీద పెట్టాను. గంగుబాయి చూసి "గిదేంది" అంది. చీటీ చదివాను. మూత తీశాను. స్పిరిట్‌లో రంగు పోయి తెల్లగా అయ్యాయి గాని సైజు అలాగే ఉంది.

గంగుబాయే ఒక పండు తీసింది. పక్కన బుట్టలోది ఒకటి పెట్టి చూసింది. గోటితో రెండూ చీల్చి గింజలు అరచేతిలో వేసుకుంది. ఆ చెయ్యి అట్లాగే సాయవ్వ ముందుకు చాపింది. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

సాయవ్వ ఎడమ చేత్తో పెద్ద గింజ తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"గిది గుట్టది కాదు" అంది. "నీళ్ళు తాగిన చెట్టుది."

తర్వాత నన్ను చూసింది. పోయిన నెల ఊకో సారూ అన్నప్పుడు ఉన్న చూపు కాదు.

"గా దినం నేను నిన్ను అడిగిన. గుంత కాడ. అడిగిన్నా లేదా?"

"అడిగినవ్."

"ఏమో అన్నవ్."

"అన్న."

గంగుబాయి బుట్ట పక్కకు జరిపి లేచి నిలబడింది. "మాది తప్పైంది సాయవ్వక్కా. రేపటి నుంచి మల్ల నీ చెయ్యే" అంది. తక్కిన వాళ్ళు తలలు ఊపారు.  సాయవ్వ కొంగులో చుట్టిన కుడి చెయ్యి బయటికి తీసింది. ఎవరిదో చెయ్యి అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

మనుమరాలు గడప మీద కూర్చుని ఉంది. జుట్టు చింపిరిగా, ఎవరో పక్కింటి వాళ్ళు అల్లిన జడ ఊడిపోయి ఉంది. సాయవ్వ మెల్లగా వెళ్ళి పక్కన కూర్చుంది. పిల్ల నెత్తి మీద పెట్టబోయింది ఆ చేతిని.

పిల్ల తల వెనక్కి తీసుకుంది.

"ఒద్దవ్వా" అంది. "గా చెయ్యి మంచిది కాదని నువ్వే అంటివి గదా. దాంతోని ముట్టనంటివి గదా."

సాయవ్వ చెయ్యి గాలిలో అట్లాగే ఉండిపోయింది. నేను చూడకుండా ఉండాల్సింది, చూశాను.  ఆమె తల తిప్పకుండానే నాతో అంది.

"ఇగ పో సారూ. బస్సు దొరుకది."